నవ్వుల పుటలో నా కార్లు

ముందుగా నాకు జరిగిన అన్యాయాలను తేదీల వారీగా ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇవన్నీ నా డైరీల నుంచి ఎత్తి రాసినవి. కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది ఇందులో ఒక్కటీ లేదు.

1983, ఉగాది సాయంత్రం. రాయపూర్‌లో మా తెలుగు సంఘం సభ. నైజీరియాలో నేను చూసిన కార్ల గురించి రాసిచ్చిన వ్యాసాన్ని సంఘం కార్యదర్శి గొంతు మార్చి, కళ్ళు తిప్పి, వేళాకోళంగా చదివాడు. సభ నవ్వింది. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను.

1983, మే నెల. అదే వ్యాసాన్ని సంఘం లిఖిత పత్రికలో ‘నవ్వుల పుట’ అనే శీర్షిక కింద చేర్చారు. నన్ను అడగలేదు.

1983, జూన్ 12. వ్యాసానికి ఆధారంగా ఇచ్చిన నా నోటు పుస్తకాన్ని తిరిగి ఇమ్మని మొదటిసారి అడిగాను. ‘వెతుకుతాను’ అన్నాడు. ఆ తర్వాత పద్నాలుగు సార్లు అడిగాను. పద్నాలుగు సార్లూ అదే మాట.

1988, ఆగస్టు 31. నా పదవీ విరమణ సభ. మైకులో నా పేరుకు ముందు ‘ముందు డిక్కీ’ అన్న మాట తగిలించి వేదిక మీదికి పిలిచాడు. నా మెడలో దండ వేసిన చేయి కూడా అతనిదే.

1994, నవంబరు. సంఘం గ్రంథాలయంలో పుస్తకాల జాబితా గోడకు అంటించారు. ‘హాస్యం’ విభాగంలో చివరి వరస: ‘కారు కథలు, చేతిరాత, నోటు పుస్తకం ఒకటి.’ పదకొండేళ్ళుగా ‘వెతుకుతున్న’ పుస్తకం అదే. బీరువా తాళం కార్యదర్శి మొలలో ఉంది.

2000, ఫిబ్రవరి 20, ఆదివారం. నేను పెట్టిన సుద్ద గుర్తును నా కళ్ళ ముందే చెరిపేశాడు.

2000, మార్చి. ‘ఆయనకి తెలిసీ చెప్పలేదు’ అని నా మీద ఊరంతా ప్రచారం చేశాడు.

ఈ చివరిది జరగకపోయి ఉంటే మిగిలినవాటిని నాతోపాటే తీసుకుపోయేవాడిని. ఇది జరిగింది కనుక మొత్తం చెప్పాలి.

నేను 1956లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాను. ఉద్యోగం టీఎక్సార్‌ది. అంటే గూడ్సు బండి ఆగినప్పుడు ఒక చివర నుంచి రెండో చివరకు నడుస్తూ, ప్రతి పెట్టె దగ్గరా వంగి, చక్రం మీద సుత్తితో కొట్టి, ఆ శబ్దాన్ని విని, బరువు మోసే కమాను పట్టీలు, బ్రేకులు, కొక్కేలు చూసి, పెట్టె నడవదగ్గదో కాదో తేల్చేవాడు. లోపం ఉంటే పెట్టె పక్కన సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి, ఎక్కడ లోపముందో అటువైపు బాణం గీస్తాము. ఆ గుర్తు పడిన పెట్టెను ‘సిక్’ అంటారు. సిక్ పెట్టెను ఎంత పెద్ద అధికారి చెప్పినా ముందుకు కదపకూడదు. నా నోటి మాట ఎవరికీ అవసరం లేదు. నా గుర్తు చాలు. ఒక మనిషి మాటకు ఇంత విలువ ఉన్న ఉద్యోగం మరొకటి నేను చూడలేదు.

1980లో మన రైల్వేల నుంచి కొంతమందిని రెండేళ్ళ పనికి నైజీరియా పంపారు. వారిలో నేనొకణ్ణి. లాగోస్‌లో మా క్వార్టర్ల పక్కనే రైల్వే గేటు ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి వరండాలో కూర్చుంటే, గేటు పడ్డప్పుడల్లా ఆగిన కార్ల వరస కనిపించేది.

ఆ వరస నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే మా రాయపూర్ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఇక్కడ కారంటే రెండే రకాలు. గుండ్రటి నెత్తి ఉన్నది అధికారులది, చిన్నది డాక్టర్లది. రంగు తప్ప మరేమీ మారదు. కళ్ళు మూసుకుని తలుపు చప్పుడు విన్నా చెప్పగలం. లాగోస్ గేటు దగ్గర మొదటి సాయంత్రం ఆగిన కార్లలో నాకు తెలిసినది ఒక్కటీ లేదు. అవి జమీందార్ల కార్లు కావు. బడిపంతుళ్ళు, నర్సులు, చేపలమ్మే ఆడవాళ్ళు ఎక్కి తిరిగే మామూలు కార్లు. అవి రోడ్డుకు కుడివైపు నడిచేవి, స్టీరింగు ఎడమవైపు ఉండేది. నాకు చేతులు ఊరుకోలేదు. ఒక నోటు పుస్తకం కొన్నాను. గేటు పడగానే కిందికి దిగి, గూడ్సు బండిని చూసినట్టే, వరస చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కారూ రాసుకునేవాణ్ణి. దీపాల ఆకారం, తలుపులెన్ని, సీట్ల వరసలెన్ని, ఎక్కినవాళ్ళెందరు, కింద కమాను ఏ రకం. తయారీదారు పేరు రాసేవాణ్ణి కాదు. పెట్టె ఎవరు చేశారన్నది టీఎక్సార్‌కు అనవసరం. అది ఏ స్థితిలో ఉందన్నదే అతని పని.

ఒక కారు తాబేలులా ఉండేది. దాని ముందు మూత ఎత్తితే ఇంజను లేదు! స్పేర్ టైరూ, పక్కన కర్రపెండలం పిండి సంచీ ఉన్నాయి. ఇంజను వెనక ఉంది. దానికి నీళ్ళు పోయనక్కర్లేదు, గాలికే చల్లారుతుంది. మూడు రోజులు వరసగా చూసి, నిర్ధారించుకున్నాకే రాశాను. ఇంకొకటి మూతి మీద సింహం బొమ్మ ఉన్న పొడుగు కారు. దీపాలు గుండ్రంగా కాక కోణాలుగా కోసి ఉంటాయి. లోపల సీట్లు మూడు వరసలు. టాక్సీగా తిరిగేది. తొమ్మిది మంది దిగడం నేను స్వయంగా లెక్కించాను. వంగి కింద చూస్తే కమాను పట్టీలు లేవు. వెనక ఒక్కొక్క వైపు రెండేసి చుట్ట స్ప్రింగులు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. గూడ్సు పెట్టెల కింద చుట్ట స్ప్రింగులు చూసినవాణ్ణి, ఒక టాక్సీ కింద ఆ ఏర్పాటు చూస్తే పరదేశంలో సొంత ఊరివాడు ఎదురైనట్టు అనిపించింది.

ఆ సింహం కార్ల దగ్గరే నేను ఒక పొరపాటు చేశాను. ఒక సాయంత్రం అలాంటి టాక్సీ ఒకటి వరసలో మూడోదిగా ఆగింది. వంగి చూస్తే ఎడమవైపు వెనక స్ప్రింగు ఒకటి చుట్టు దగ్గర విరిగి ఉంది. అంతే, నా చేయి జేబులోకి పోయింది. ఇరవై నాలుగేళ్ళ అలవాటు. సుద్దముక్క తీసి తలుపు మీద ఇంటూ గుర్తు పెట్టి, చక్రం వైపు బాణం గీసేశాను. అది గూడ్సు పెట్టె కాదని గీత ముగిశాక గుర్తొచ్చింది.

డ్రైవరు దూకినట్టు దిగాడు. అక్కడ పెద్దవాళ్ళను ‘ఓగా’ అంటారు.

‘ఓగా! నా బండి మీద ఏం రాశావు? నీ ఇల్లనుకున్నావా?’ అని ఇంగ్లీషులో అరిచాడు. టాక్సీలో ఉన్న ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. నేను బాణం వైపు వేలు చూపించాను. అతను అరుస్తూనే వంగాడు. అరుపు మధ్యలో ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చేయి పెట్టి తడిమాడు. లేచి, ఎక్కినవాళ్ళందరినీ దింపేశాడు. వాళ్ళు ఇప్పుడు అతణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. గేటు లేచాక ఖాళీ బండిని మెల్లగా పక్కకు తోలుకుపోయాడు. సుద్ద గుర్తు చెరపలేదు.

నాలుగు రోజుల తర్వాత వచ్చి మా వరండా ముందు ఆగి హారను కొట్టాడు. కొత్త స్ప్రింగు చూపించాడు. నా నోటు పుస్తకం అడిగి తీసుకుని, ఆ కారు రాసిన పుటలోనే తన చేత్తో రెండు వరసలు రాసి సంతకం పెట్టాడు. ‘ఈ మనిషి చెప్పింది నిజం. నేను వంగి చూశాను.’ ఆ పుట ఆ పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకమే ఇప్పుడు హాస్య విభాగంలో ఉంది.

1982 చివర తిరిగి వచ్చాను. మరుసటి ఉగాదికి వ్యాసం కావాలని కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. అతను మా రైల్వే వర్క్‌షాపులోనే గుమాస్తా. సిక్ పెట్టెల నివేదికలు టైపు చేసే బల్ల అతనిది. మా ఇద్దరివీ శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్క తాలూకాలు. ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను ‘బావా’ అనేవాడు. దీన్ని కూడా నేను ఏనాడూ అంగీకరించలేదు.

‘ఏటి బావా, విదేశం ఎల్లొచ్చినారు, నాలుగు ముక్కలు రాయండి. జనం సదూకుంటారు’ అన్నాడు.

‘కార్ల గురించి రాస్తాను. ఆధారాలు కూడా ఇస్తాను’ అన్నాను.

‘ఆధారాలెందుకు బావా, ఇది కోర్టా?’ అన్నాడు. నోటు పుస్తకం మాత్రం చంకలో పెట్టుకుపోయాడు.

సభలో అతను చదివిన తీరు ఈనాటికీ నా చెవుల్లో ఉంది. ‘ఇనండి, ఇనండి! ఆ దేశంలో కార్లకి డిక్కీ ముందుంటాదంట! ఇంజనేమో ఎనకాల! అంటే కారు రివర్సులో పుట్టిందన్నమాట!’ వెనక నుంచి ఎవరో, ‘అరే, అయితే డ్రైవరు ఏ వైపు కూకుంటాడ్రా?’ అన్నారు. ‘నీళ్ళు తాగదంట, గాలి పీల్చి బతుకుతాదంట! సన్నాసి కారు!’ అన్నాడు కార్యదర్శి. తొమ్మిది మంది సంగతి వచ్చేసరికి నా భార్య పక్కన కూర్చున్నావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. విరిగిన స్ప్రింగు గురించి నేను రాసిన పేరాను అతను చదవనే లేదు. డ్రైవరు సంతకం గురించి ఒక్క మాట అనలేదు. నిజాన్ని నిలబెట్టే భాగం తీసేసి మిగిలినది చదివితే ఏ వ్యాసమైనా నవ్వులపాలే అవుతుంది. అతను గుమాస్తా. ఏ కాగితం తీసేస్తే ఫైలు ఎటు తిరుగుతుందో అతనికి తెలియనిది కాదు.

ఇంటికి వచ్చాక నా భార్య, ‘పోనీండి, నలుగురూ నవ్వుకున్నారు, మీ సొమ్మేటి పోయింది?’ అంది.

ఏం పోయిందో 1985లో తెలిసింది. యార్డులో ఒక పెట్టె చక్రం కొట్టి చూశాను, శబ్దం ఖంగున రాలేదు, బొంగురుగా వచ్చింది. సిక్ గుర్తు పెట్టాను. కొత్తగా చేరిన ఫిట్టరు ఆ గుర్తు చూసి పక్కవాడితో, ‘ఇది పక్కా పగులేనా, ముందు డిక్కీ పగులా?’ అన్నాడు. ఇద్దరూ నవ్వుకుని, చక్రం చూడకుండా టీ తాగడానికి వెళ్ళారు. నేను వాళ్ళను వెనక్కి పిలిపించి, వంచి చూపించాను. పగులు ఉంది. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నా గుర్తుకు వివరణ ఇచ్చుకోవలసి రావడం అదే మొదటిసారి. పోయింది అది. దాన్ని పోగొట్టిన మనిషి ఎవరో నాకు తెలుసు. ఆ రోజే రెండో పుస్తకం మొదలుపెట్టాను. కార్లది కాదు, అతనిది. ‘ముందు డిక్కీ’ అన్న మాట ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్నారో అన్నీ అందులో ఉన్నాయి.

పదవీ విరమణ తర్వాత నాకు తీరిక దొరికింది. తొంభైల్లో మన రోడ్ల మీదికి కూడా కొత్త బండ్లు రావడం మొదలైంది. నేను వారానికి రెండుసార్లు సైకిలు మీద టాటీబంధ్ కూడలికి వెళ్ళి, లారీల మధ్య ఉన్న టీ దుకాణం బల్ల మీద కూర్చుని రాసుకునేవాణ్ణి. మూడు వరసల సీట్ల జీపులు, ముందు మూతే లేకుండా డ్రైవరు సీటు కింద ఇంజను పెట్టుకున్న వ్యానులు, ఒక్క పెళ్ళి బండిలోంచి దిగిన పదకొండు మంది. టీ దుకాణదారు హిందీలో ‘బాబూజీ, ఆర్‌టీఓ ఆఫీసు నుంచా?’ అని అడిగేవాడు. ‘కాదు, నేనొక సాక్ష్యం పోగుచేస్తున్నాను’ అని చెప్పాను. అప్పటి నుంచి నాకు బల్ల చివర చోటు ఖాళీగా ఉంచేవాడు.

ఆ నమోదుల నకలు జతచేసి కార్యదర్శికి ఉత్తరం రాశాను. వచ్చి స్వయంగా చూడమన్నాను. అతను జవాబు రాయలేదు. కూరగాయల బజారులో ఎదురై, ‘బావా, మీరు రాస్తా ఉండండి, నాను నవ్వుతా ఉంటాను. ఎవడి డ్యూటీ ఆడిది’ అన్నాడు. తేదీ వేసుకున్నాను.

ఇక ఫిబ్రవరి 20. కార్యదర్శి రిటైరయ్యాక ఒక పాత గుండ్రటి నెత్తి కారు కొన్నాడు. ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ ఇరవై మైళ్ళ అవతల ఉన్న ఆరంగ్ గుడికి బయలుదేరారు. వీధి వీధంతా చూస్తోంది. నేను అటుగా వెళ్తుంటే గట్టిగా పిలిచాడు.

‘బావా! మీరు ఫారిన్ స్పెషలిస్టు కదా, ఒకపాలి సూసి చెప్పండి. డిక్కీ ఎనకాలే ఉందా, ముందుకొచ్చీసిందా?’

అందరూ నవ్వారు. నేను వంగాను. నాకప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు వంగవు, కానీ కళ్ళు చూస్తాయి. కుడివైపు వెనక కమానులో పెద్ద పట్టీ, కొక్కెం దగ్గర చీలి ఉంది. చీలికలో తుప్పు ఉంది, అంటే పాత పగులు. నాలుగు మైళ్ళు పోవచ్చు, ఇరవై పోదు.

సుద్దముక్క ఇప్పటికీ నా జేబులో ఉంటుంది. తీశాను. చక్రం పైన ఇంటూ గుర్తు పెట్టి, పగులు వైపు బాణం గీశాను. లేచి నిలబడ్డాను.

నా భార్య అదే వీధిలో ఉన్న మా ఇంటి గుమ్మంలోంచి, ‘అదేటండీ, నోటితో చెప్పరాదా?’ అంది.

‘నా నోటి మాటకు నవ్వుల పుటలో చోటు ఇచ్చారు. గుర్తుకు ఇంకా ఇవ్వలేదు’ అన్నాను.

కార్యదర్శి జేబురుమాలు తీశాడు. ‘నిన్ననే పాలిష్ ఏయించాను బావా, మజాక్ ఏటి ఇది?’ అంటూ గుర్తును శుభ్రంగా తుడిచేశాడు. వంగలేదు. ఆ గుర్తు గురించి ముప్పై ఏళ్ళు నివేదికలు టైపు చేసినవాడు వంగలేదు. నన్ను ఎన్నడూ చూడని ఒక టాక్సీ డ్రైవరు, తిడుతూ తిడుతూ వంగాడు.

నేను అప్పుడు నోరు విప్పగలిగేవాణ్ణే. విప్పలేదు. విప్పాలనిపించలేదు. దీన్ని దాచను. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఇంటికి వెళ్ళి సమయం రాసుకున్నాను.

ఆరంగ్ ఇంకా కొంత దూరం ఉందనగా పట్టీ విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగి, రోడ్డు దిగి పొలం గట్టుకు ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక ట్రాక్టరు ట్రాలీ ఎక్కి, పట్టుచీరలతో గుడికి చేరారు. ఆ కబురు సాయంత్రం అందింది. నేను రెండు కప్పుల టీ తాగాను. ఆ తేదీ కింద నా డైరీలో ‘మనసు ప్రశాంతం’ అని ఉంది. దాన్ని కొట్టివేయలేదు.

నా భార్య మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, ‘ఆ బండిలో ఆయన తల్లి కూడా ఉంది. ఎనబై ఐదేళ్ళ ముసలమ్మ. మీరు సూశారు’ అంది. చూశాను. వెనక సీటులో కిటికీ పక్కన, పగిలిన కమానుకు సరిగ్గా పైన కూర్చుంది. ఆ వాక్యాన్ని కూడా డైరీలో ఎక్కించాను. నా వైపు తప్పుగా ఆ పుస్తకంలో ఉన్నది అదొక్కటే. దానికి నేను ఆ ముసలమ్మకు జవాబు చెప్పుకోవాలి. వెళ్ళి చెప్పుకున్నాను కూడా. ఆమె, ‘పోనీ బాబూ, ట్రాలీలో గాలి బాగుంది’ అంది. ఆమె కొడుకుకు మాత్రం నేను జవాబుదారీ కాదు. ఆ గుర్తు అతని ముందు పెట్టాను, అతను తుడిచాడు.

మార్చిలో అతను కొత్త మాట ఎత్తుకున్నాడు. సంఘంలో, రేషన్ దుకాణంలో, గుడి దగ్గర, ఎక్కడ నలుగురున్నా, ‘ఆ ముసలాడికి ముందే తెలుసు. వంగి సూసినాడు. తెలిసీ చెప్పలేదు’ అంటున్నాడు. ఇది విన్నప్పుడు మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత నా డైరీలూ, అతని మీద రాసిన పుస్తకమూ ముందు పెట్టుకుని, నిదానంగా ఆలోచించాను. పదిహేడేళ్ళుగా నేను ఎదురుచూసిన వాక్యం అదే. దాన్ని అతని నోటి నుంచే పలికించాడు దేవుడు.

ఈ నవంబరులో ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది. మా ఊరు రాజధాని అయింది. ఆఫీసుల బోర్డులన్నీ మారుతున్నాయి. కనుక ఒక చిన్న సంఘం తన బీరువాలో ఒక్క పుస్తకాన్ని ఒక అర నుంచి మరో అరకు మార్చడం కష్టమని నేను అనుకోను. కింది పాఠాన్ని రిజిస్టరు పోస్టులో పంపాను. చదివేవారి కోసం ఇక్కడ కూడా ఇస్తున్నాను.

తెలుగు సంఘం కార్యదర్శి గారికి,

నాకు మీ కారు లోపం ముందే తెలుసునని మీరు పలువురి ముందు చెప్పారు. సాక్షుల వివరాలు, తేదీలు జతచేశాను. ఇప్పుడు ఈ రెండింటిలో ఏది నిజమో మీరు తేల్చాలి.

కారు కిందికి వంగి చూసి లోపం చెప్పగలిగేవాణ్ణి నేనైతే, 1983లో నేను రాసినది నవ్వులాట కాదు. అప్పుడు నా వ్యాసాన్ని నవ్వుల పుట నుంచి తీసివేసి, మీరు చదవకుండా వదిలేసిన పేరాతో సహా, రాబోయే ఉగాది సభలో మీ గొంతుతోనే, మామూలు గొంతుతో, చదవాలి. నా నోటు పుస్తకాన్ని, డ్రైవరు సంతకం ఉన్న పుట చిరగకుండా, నా చేతికి ఇవ్వాలి.

నేను అలాంటివాణ్ణి కానట్లయితే, నాకు ఏమీ తెలియదు. తెలియనివాడు దాచాడని మీరు వేసిన నిందను, వేసిన ప్రతి చోటా, అదే మనుషుల ముందు ఉపసంహరించుకోవాలి.

మూడో దారి లేదు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా, తేదీ వేసి, సంతకం చేసి, లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటి మాటను సమాధానంగా అంగీకరించను. నవ్వును అసలే అంగీకరించను.